మా వెండెల్ ఎగిరిన శీతాకాలం

మా అబ్బాయిని బాస్కెట్‌బాల్ టీములో టికెట్లు అమ్ముకోవడానికే పెట్టుకున్నారని డార్లా అన్నదట. డార్లా ఇల్లు మా ఇంటికి రెండు పొలాల అవతల. దాణా కొట్లో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. ఆ మాట నా మొహం మీద అనలేదు. మా తోడికోడలు జాయిస్‌తో అంది. జాయిస్ దాన్ని రెండు రోజులు కడుపులో దాచుకుని, ఆదివారం చర్చి వంటగదిలో ఆలుగడ్డలు చెక్కుతూ నా చెవిన వేసింది.

"నా మీద కోప్పడకు లోయిస్, నేనన్న మాట కాదు. లాక్‌పోర్ట్ టీములో పన్నెండు మందిలో పదిమంది నల్లవాళ్ళేనట. మన పల్లెల వాళ్ళు డబ్బు పెట్టి చూడ్డానికి రావాలంటే ఒక తెల్ల మొహం ఉండాలి కదా, అందుకని మీ వెండెల్‌ని బెంచీ మీద కూర్చోబెట్టారట. మొక్కజొన్న చేలో దిష్టిబొమ్మలాగా అంది."

నాకు ఒళ్ళు మండింది. డార్లా అబద్ధం చెప్పినందుకు కాదు. నవంబరు నుంచీ నేనూ లోలోపల అదే అనుకుంటున్నాను గనక.

మా వెండెల్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆరడుగుల ఆరంగుళాలు. లాక్‌పోర్ట్ మాకు నలభై మైళ్ళు. అక్కడి టీము పెద్ద లీగ్‌కు ఒక మెట్టు కింద ఆడే టీము. జీతం తక్కువ, బస్సు ప్రయాణాలు ఎక్కువ. అందులో ఉన్న ప్రతివాడూ పైనుంచి ఫోను ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఆడతాడు. వాళ్ళ ఊరి సిటీ బస్సుల మీద ఆ ఏడు మా వాడి బొమ్మ వేశారు. మిగతా బొమ్మల్లో కుర్రాళ్ళు గాల్లో ఎగురుతున్నారు. మా వాడిది మాత్రం నేల మీద బోర్లా పడి, బంతికోసం చెయ్యి చాపిన బొమ్మ. కింద 'చెమటోడ్చే మన పల్లె బిడ్డ' అని రాశారు.

"అంత కష్టపడుతున్నావా నాయనా?" అని అడిగాను.

"లేదమ్మా. షూలేసు ఊడి తూలిపడ్డాను. అప్పుడే ఫోటో తీశాడు" అన్నాడు.

వాడికి ఆటలో ఆరు నిమిషాలు ఇచ్చేవాళ్ళు. కోచ్ డ్వయర్ మా వాణ్ణి చూసిన మొదటి రోజే కోర్టు మూల చూపించి, "అక్కడ నిలబడు. బంతి వస్తే మూడు పాయింట్ల షాట్ వెయ్యి. ఇంకేం చెయ్యకు" అన్నాడట. దూరం నుంచి వెయ్యడం నీకు వచ్చా అని మాత్రం అడగలేదు. వాడికి రాదు. నాలుగు వేస్తే ఒకటి పడుతుంది. మా ఇంటి వెనక కోళ్ళకు నేను గింజలు విసిరినా అంతకంటే గురిగా పడతాయి.

మా ఆయన ఆర్వెల్‌కి ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఆర్వెల్‌కి అరవై పాడి ఆవులతోపాటు ఊరి హైస్కూలు టీము కూడా ఉంది. ఇరవై రెండేళ్ళుగా దానికి కోచ్. బంతి నేలకు కొట్టి అందించాలి, రెండు కాళ్ళ మీద ఆగాలి, బోర్డుకు మెత్తగా ఆనించి వెయ్యాలి. రింగు పైకెగిరి బంతిని లోపలికి కుక్కడం, అదే డంక్ అంటారు, ఆయన జిమ్‌లో నేరం. చేసినవాడు ఇరవై చుట్లు పరిగెత్తాలి. మా వాడు ఆ జిమ్‌లో నాలుగేళ్ళు ఆడాడు.

జనవరిలో ఒక శనివారం ఇద్దరం ఆటకు వెళ్ళాం. శనివారాలు మధ్యాహ్నం ఒంటిగంటకే పెట్టేవాళ్ళు, పల్లెల వాళ్ళు సాయంత్రం పాలు పితికే వేళకు ఇల్లు చేరాలని. ఆ రోజు మాకు చోటు అవతలి టీము బెంచీ వెనకాలే దొరికింది. మా చుట్టూ మా ఊళ్ళవాళ్ళే, విత్తనాల కంపెనీ టోపీలు పెట్టుకుని. మా వాడు కోర్టులోకి రాగానే వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంకా ఏమీ చేయని వాడికి అన్ని చప్పట్లు కొడితే నాకు సిగ్గేసింది.

బంతి మూలకు వచ్చింది. అంతే, అవతలి బెంచీ మీంచి ఒకాయన దూకినట్టు లేచాడు.

"షూటర్! షూటర్! మీద పడు!"

షూటర్ అంటే దూరం నుంచి గురిగా వేసేవాడు. అది విని ఒక కుర్రాడు పది గజాల దూరం నుంచి చేతులు పైకెత్తుకుని, ఇల్లు తగలబడుతున్నట్టు మా వాడి మీదికి పరిగెత్తాడు. మా వాడు కంగారుగా విసిరాడు. బంతి రింగునైనా తాకలేదు. మా వాళ్ళందరూ "అయ్యో, కొంచెంలో పోయింది" అన్నారు. కొంచెం కాదు, గజం.

మళ్ళీ బంతి వచ్చింది. మళ్ళీ అదే కేక, అదే పరుగు. మళ్ళీ పోయింది. నేను ఆటను వదిలేసి ఆ పరుగెత్తే కుర్రాణ్ణే చూడసాగాను. రెండు షాట్లూ పోగొట్టినవాడి మీదికి మూడోసారి కూడా అంత పరుగెందుకు?

తిరిగి వచ్చేటప్పుడు ట్రక్కులో అన్నాను. "వాడికి దూరం నుంచి వెయ్యడం రాదు ఆర్వెల్."

"వస్తుంది. పట్టుదల కావాలి. తలకాయ పెట్టి ఆడాలి. మనవాళ్ళ బలమంతా అక్కడే ఉంది."

"మనవాళ్ళంటే?"

ఆయన గేరు మార్చాడు.

ఫిబ్రవరి రెండో ఆదివారం వెండెల్ ఇంటికి భోజనానికి వచ్చాడు. వెంట ఐజమ్ పెట్‌వే వచ్చాడు. ఐజమ్ అలబామా కుర్రాడు. కుర్రాడు అంటున్నానుగానీ ముప్ఫై ఏళ్ళు, టీములో అందరికంటే పెద్ద. రెండు మోకాళ్ళకూ పట్టీలు. పొడుగ్గా, నల్లగా, పాస్టరుగారిలా నెమ్మదిగా మాట్లాడతాడు. మంచులో ఇంతదూరం కారు నడిపింది ఆయనేనట, మా వాడు పక్కన నిద్రపోయాడట.

"రండి, కూర్చోండి" అన్నాను. ఉడికించి చిదిమిన ఆలుగడ్డల మీద నూడుల్స్ వడ్డించాను. మా వైపు అలాగే తింటాం.

ఆయన పళ్ళెం వైపు, మా వాడి వైపు చూశాడు. "పిండి మీద పిండి వేసుకుని తింటార్రా మీరు?"

"తిని చూడన్నా."

తిన్నాడు. మూడుసార్లు వడ్డించుకున్నాడు. "మేడమ్, నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు.

మా వాడు మాత్రం కెలుకుతూ కూర్చున్నాడు. చివరికి పళ్ళెంలోకి చూస్తూనే చెప్పాడు. పెద్ద టీములోంచి ఒకతన్ని కిందికి పంపుతున్నారు. ఈ నెల ఆఖరి శనివారం ఆట అయ్యాక వీళ్ళలో ఒకణ్ణి తీసేసి చోటు చెయ్యాలి. కోచ్ పేరు చెప్పలేదుగానీ మా వాడి వైపే చూశాడట.

"మరి బస్సు మీద బొమ్మో?" అన్నాడు ఆర్వెల్.

"ఇంకో తెల్లవాడున్నాడుగా నాన్నా. వాడిది అంటిస్తారు."

ఎవరమూ నవ్వలేదు. తీసేస్తే ఇంకెక్కడా పిలుపు రాదని నలుగురికీ తెలుసు. ఈ వయసులో ఈ లెక్కలతో ఇంటికొచ్చిన వాణ్ణి ఎవరు పిలుస్తారు? ఇంటికొస్తే ఆవులున్నాయి. ఆవులు మంచివే. కానీ చిన్నప్పటినుంచీ వాడు వాటి దగ్గర పనిచేస్తూ కూడా పాక కప్పు వైపే చూసేవాడు.

భోజనాలయ్యాక ఇద్దరూ గడ్డిపాకలోకి వెళ్ళారు. అక్కడ అటక కింద ఒక రింగు ఉంది, సరిగ్గా పదడుగుల ఎత్తులో. నేను కాఫీ పట్టుకుని వెళ్ళేసరికి ఐజమ్ గడ్డిమోపు మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. మా వాడు చలికి చేతులు ఊదుకుంటూ, ఏదో చేయాలన్నట్టు నాలుగడుగులు పరిగెత్తి ఒంటికాలి మీద లేచాడు. లేచినవాడు ఎంతకీ దిగలేదు. బంతిని రెండు చేతులా రింగులోకి కుక్కి, అప్పుడు దిగాడు. అటక మీద దుమ్మంతా మా కాఫీలో పడింది.

ఐజమ్ రుద్దుకోవడం ఆపేశాడు.

"మళ్ళీ చెయ్యి."

చేశాడు.

"ఇటువైపు నుంచి చెయ్యి."

చేశాడు.

ఐజమ్ లేచి నిలబడ్డాడు. "ఒరేయ్ పాలబ్బాయ్! నవంబరు నుంచి నీ పక్క లాకర్ నాది. నువ్వు ఇలా ఎగురుతావని ఒక్కమాట చెప్పావా నాకు?"

"ఎగరమని ఎవరూ అనలేదుగా."

"మన టీములో ఇంత ఎత్తు లేచేవాడు ఇంకొకడున్నాడా? నేను లేవగలనా? నా మోకాళ్ళు చూశావా? అయినా రేడియోలో ఆట చెప్పే ఆ పెద్దమనిషి రోజూ నన్నేమంటాడు? 'చిరుతపులి' అంటాడు. చిరుతపులి! మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాను నేను."

వాళ్ళు నవ్వుతుండగా ఆర్వెల్ బకెట్టుతో లోపలికొచ్చాడు. కదులుతున్న రింగు వైపు చూశాడు.

"ఈ పాకలో కోతిగంతులు లేవు" అన్నాడు. తర్వాత అతిథి ఉన్నాడని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకు ఐజమ్. మనం ఎగిరి గెలిచేవాళ్ళం కాదని మావాడికి చిన్నప్పుడే చెప్పాను. మనం ఆలోచించి గెలిచేవాళ్ళం."

"మనం అంటే ఎవరండీ?" అన్నాడు ఐజమ్, మర్యాదగానే. "నన్ను కూడా కలిపారా?"

ఆర్వెల్ మెడ ఎర్రబడింది. బకెట్టు కింద పెట్టాడు, మళ్ళీ ఎత్తాడు. నేను కలగజేసుకోకపోతే సాయంత్రం దాకా అలాగే ఉండేవాళ్ళు.

"ఒక మాట చెప్తాను, నవ్వకండి" అన్నాను. "మూలకు బంతి రాగానే వీడి మీదికి ఒకడు ఒళ్ళు తెలియకుండా పరిగెత్తుకొస్తాడు చూడండీ, గేటు దగ్గర మీదికి దూసుకొచ్చే కోడె ఉంటుందే, అచ్చం అలాగే వస్తాడు. కోడెకు ఎదురు నిలబడతామా? పక్కకు ఒక్క అడుగు వేస్తాం. ఇక అది కంచె తగిలేదాకా ఆగలేదు. మరి వీడెందుకు ఎదురు నిలబడి బంతి విసురుతున్నాడు?"

ఐజమ్ నా వైపు తిరిగాడు. "మేడమ్, మీరు ఏ టీముకు కోచ్?"

"అరవై ఆవులకు."

"వాళ్ళ అదృష్టం." మా వాడి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "విను. ఈ లీగ్‌లో టీములు వారం వారం మారతాయి. ఎవడికి ఎవడూ తెలియదు. ఆట ముందు ఎవడు ఎన్ని వేస్తాడో రాసి ఓ కాగితం ఇస్తారు, దాన్ని ఎవడూ చదవడు. అంకెలు కాగితం మీదుంటాయి, పరిగెత్తే కాళ్ళకు అవి తెలియవు. మూలలో ఓ తెల్ల కుర్రాడు కనిపించాడా, వీడు దూరం నుంచి వేసేవాడు, ఎగిరే కాళ్ళు లేనివాడు, అంతే. వాళ్ళు పరిగెత్తేది నీ చేతిని చూసి కాదురా. నీ మొహం చూసి."

"అయితే?"

"అయితే నీ మొహాన్ని పనిచెయ్యనివ్వు. మూలకే నేను బంతి వేస్తా. ఎప్పుడూ వేసేదే. నువ్వు కళ్ళెత్తి రింగు వైపు చూడు, బంతి కొంచెం పైకెత్తు. వాడు దూసుకొస్తాడు. అమ్మ చెప్పిందిగా, ఒక్క అడుగు పక్కకి."

"మూల వదిలితే తీసేస్తానన్నాడు కోచ్."

"వదలకపోయినా తీసేస్తాడు. ఎలాగూ పోయేవాడివి, కాళ్ళు వాడుకుని పో."

ఆర్వెల్ అప్పటికే ఆవుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆటలో మా వాడు ఒకసారి ప్రయత్నించాడు. తొందరలో కోర్టు అంచు గీత తొక్కాడు. బంతి అవతలివాళ్ళకు పోయింది. కోచ్ డ్వయర్ వెంటనే బయటికి లాగాడట. ఏం జరిగిందో ఫోనులో నాకు వాడే చెప్పాడు.

"నిన్నెందుకు తీసుకున్నానో తెలుసా?" అన్నాడట కోచ్.

"తెలియదు కోచ్."

"దూరం నుంచి వేస్తావని."

"నాలుగుకి ఒకటే పడుతోంది కోచ్."

ఆ కోచ్ చేతిలోని కాగితం చూశాడట. తర్వాత మా వాడి మొహం చూశాడట. కాసేపు రెంటినీ మార్చి మార్చి చూసి, "పడతాయి. నిన్ను చూస్తేనే తెలుస్తుంది" అన్నాడట.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇరవై ఏళ్ళు ఆట చూసినవాడికి చేతిలో ఉన్న అంకె కంటే ఎదురుగా ఉన్న మొహం ఎక్కువైంది.

ఆఖరి శనివారం వచ్చింది. జాయిస్ కొడుకును పాలకు పెట్టి వెళ్ళాం. అవతలి టీము ఒహాయో నుంచి వచ్చింది, అందులో ముగ్గురు ఆ వారమే చేరినవాళ్ళు. నాలుగు భాగాల ఆటలో మూడోది సగమయ్యేసరికి మావాళ్ళు తొమ్మిది పాయింట్లు వెనకబడ్డారు. అప్పుడే మావాళ్ళలో ఒకతని మడమ మెలిపడింది. కోచ్ బెంచీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, ఇంకెవరూ దొరకనట్టు మా వాణ్ణి పంపించాడు.

టోపీలవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. మా వాడు మూలకు వెళ్ళి నిలబడ్డాడు. ఐజమ్ బంతి నడుపుకుంటూ వచ్చి, అటు చూస్తూ ఇటు వేశాడు.

"షూటర్!" అని అవతలి బెంచీ అరిచింది.

ఒకడు చేతులెత్తుకుని దూసుకొచ్చాడు. మా వాడు రింగు వైపు చూశాడు. బంతిని నుదుటి దాకా ఎత్తాడు. వచ్చినవాడు గాల్లోకి లేచి మా వాణ్ణి దాటుకుని, కెమెరాలవాళ్ళ మధ్యలో పడ్డాడు. మా వాడు ఒక్క అడుగు పక్కకు వేశాడు. బంతిని ఒకసారి నేలకు కొట్టాడు. రెండంగల్లో రింగు దగ్గరికి వెళ్ళాడు. అడ్డంగా ఏడడుగుల మనిషి ఉన్నాడు. ఉంటే ఉన్నాడు. మా వాడు ఆయన భుజం మీదుగా లేచి, రెండు చేతులా బంతిని లోపలికి కుక్కాడు.

మా టోపీలవాళ్ళకు ఏం చేయాలో తోచలేదు. చప్పట్లు ఈసారి అవతలి వైపు నుంచి మొదలయ్యాయి, లాక్‌పోర్ట్ ఊళ్ళోవాళ్ళు కూర్చునే వైపు నుంచి. ఒకాయన సీటు మీదికెక్కి, "పాలబ్బాయ్! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావురా ఆ కాళ్ళు!" అని అరిచాడు. బెంచీ మీద కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి దొర్లారు.

కోచ్ డ్వయర్ మాత్రం లేచి కోపంగా మూలకు చెయ్యి చూపించాడు. "నీ చోటు అది!"

మా వాడు బుద్ధిగా వెళ్ళి మూలలో నిలబడ్డాడు. మాకు కావలసిందీ అదే.

మళ్ళీ బంతి. మళ్ళీ "షూటర్!" ఈసారి ఇంకొకడు వచ్చాడు. వాడూ ఎగిరాడు, వాడూ దాటిపోయాడు. మళ్ళీ రింగు ఊగింది. ఐజమ్ వెనక్కి పరిగెడుతూ మా వైపు తిరిగి, కళ్ళతో నన్ను వెతికి, వేలితో గేటు తీసినట్టు చూపించాడు. నేను ఏడుస్తూ నవ్వాను. పక్కనున్నావిడ నాకు చేతిరుమాలు ఇచ్చింది.

మూడోసారికి కూడా వాళ్ళు మారలేదు. కళ్ళారా చూస్తున్నారు, అయినా అదే కేక, అదే పరుగు. ఆ ఏడడుగుల మనిషే చివరికి తమ బెంచీ వైపు తిరిగి, "ఎవడయ్యా మీకు వీడు షూటర్ అని చెప్పింది?" అని గట్టిగా అరిచాడు. కోచ్ డ్వయర్ అప్పుడు కూర్చున్నాడు. మూల చూపించే చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

నేను ఆర్వెల్ వైపు చూశాను. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందుకు వంగి, కోర్టును తప్ప దేన్నీ చూడటంలేదు.

"ఏ కాలి మీద లేచాడు?" అన్నాడు.

"నేను చూడలేదు."

"ఎడమకాలు. ఎడమకాలి మీదే." తర్వాత, నాతో కాదన్నట్టు అన్నాడు: "పద్నాలుగో ఏట పాకలో చూశాను. తలుపు చాటునుంచి. ఒళ్ళు జలదరించింది. మర్నాడు జిమ్‌లో అలాగే ఎగిరితే ఇరవై చుట్లు పరిగెత్తించాను."

నాలుగోసారి మా వాడు లేచేసరికి ఆర్వెల్ కూడా లేచి నిలబడి ఉన్నాడు. మళ్ళీ కూర్చోలేదు.

ఆట ముగియడానికి పన్నెండు సెకన్లుండగా మావాళ్ళు ఇంకా రెండు పాయింట్లు వెనకే. బంతి మూలకు వచ్చింది. ఎట్టకేలకు వాళ్ళకు బుద్ధొచ్చింది. మా వాడి మీదికి ఎవరూ దూకలేదు. ఇద్దరు వచ్చి దారికి అడ్డం నిలబడ్డారు. మా వాడు బంతిని నేలకు కొట్టి ఐజమ్‌కి అందించాడు, వాళ్ళ నాన్న నేర్పిన అందింపు. ఐజమ్ ఎదురుగా ఉన్నవాడు ఏం చేశాడంటే, ఈ నల్లాయన ఎక్కడ పులిలా లోపలికి దూకుతాడోనని నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఆ మోకాళ్ళతో ఆయన ఎక్కడికి దూకుతాడు? ఉన్నచోటే నిలబడి, నింపాదిగా, పాదాలు సర్దుకుని, మూడు పాయింట్ల షాట్ వేశాడు. బంతి వలను తప్ప దేన్నీ తాకలేదు.

ఒక్క పాయింటుతో గెలిచాం. పాల వేళకు ఇల్లు చేరలేదు. జాయిస్ కొడుకు చేతుల్లో ఆవులు మా ఇద్దరినీ తిట్టుకునే ఉంటాయి.

ఆట అయ్యాక గదుల బయట నడవాలో కోచ్ డ్వయర్ మా వాణ్ణి ఆపాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇంత ఎగరగలవని నాకెందుకు చెప్పలేదయ్యా?"

"మీరు అడగలేదు కోచ్" అన్నాడు మా వాడు.

మా వాణ్ణి తీసెయ్యలేదు. తీసేసింది ఎవర్నో నాకు తెలుసుగానీ ఆ కుర్రాడి తల్లి కూడా ఎక్కడో ఉంటుంది కాబట్టి పేరు చెప్పను. తర్వాతి మూడు వారాలూ మా వాడు ఆటకు ముప్ఫై నిమిషాలు ఆడాడు. ఆ గెలుపు తర్వాతి సోమవారం హైస్కూలు జిమ్‌లో ఆర్వెల్ పిల్లల్ని వరసగా నిలబెట్టి, "ఎగరగలిగినవాడు ఎగరండి. ఎగరలేనివాడు నాలాగా ఆలోచించండి" అన్నాడట. పిల్లలు ఆయనకు జ్వరం వచ్చిందేమో అనుకున్నారు.

మార్చి మూడో వారంలో పైనుంచి ఫోను వచ్చింది. పది రోజుల కాంట్రాక్టు. ఆ పది అయ్యాక ఇంకో పది. ఆ తర్వాత సీజను ఆఖరి దాకా. మొదటి ఆట టీవీలో చూశాం. జాయిస్ వచ్చింది, వెనకాలే డార్లా కూడా కేకు పట్టుకుని వచ్చింది. లోపలికి రానిచ్చాను, కేకు బాగుంది. మా వాడు ఇద్దరు పెద్ద పెద్ద మనుషుల మీదుగా లేచి బంతిని కుక్కితే, టీవీలో ఆట చెప్పే ఆయన ఏమన్నాడో తెలుసా? "చూశారా, ఎంత తెలివైన ఆటో! కోచ్‌గారి అబ్బాయి కదా, బుర్రతో ఆడతాడు. కష్టజీవి" అన్నాడు.

"కళ్ళున్నాయా వీడికి?" అని ఆర్వెల్ టీవీ మీదికి లేచాడు. "బుర్ర ఏమిటి బుర్ర! వాడు ఎంత ఎత్తు లేచాడో చూడరా సన్నాసీ!"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన మీద నాకు అంత ముద్దు ఎప్పుడూ రాలేదు.

ఏప్రిల్ చివర సీజను ముగిసి వెండెల్ ఇంటికి వచ్చాడు. ఆ శనివారం ఊరి ఫైరింజను వాళ్ళు చందాలకోసం పొద్దున పాన్‌కేకుల విందు పెట్టారు. ఊరంతా వచ్చింది. ఐజమ్‌ని కూడా రమ్మన్నాను. లాక్‌పోర్ట్ వాళ్ళు ఆయన్ని వచ్చే ఏడు అసిస్టెంటు కోచ్‌గా తీసుకున్నారు. ఆ వార్త నాకు చెప్పేటప్పుడు, "ఇక అంకెల కాగితాలు నేనే రాస్తాను మేడమ్. వాటిని చదివిస్తాను కూడా" అన్నాడు.

పొడుగాటి బల్లల దగ్గర అందరం కూర్చున్నాం. పిల్లలు మా వాడి చేత టోపీల మీద సంతకాలు పెట్టించుకుంటున్నారు. మాకు ఎదురుగా వెర్లిన్ స్టకీ కూర్చున్నాడు. మొక్కజొన్న విత్తనాలు అమ్ముతాడు. మంచివాడే, మా ఆవులు ఈనినప్పుడు రెండుసార్లు సాయం వచ్చాడు కూడా. ఆ పొద్దున ఆయనకు మా వాణ్ణి చూసి గర్వం ఆగలేదు. సిరప్ సీసా ఐజమ్ వైపు జరుపుతూ, బల్లంతా వినేట్టు అన్నాడు:

"మావాడికి దేవుడు పెట్టి పుట్టించలేదు బాబూ. అంతా చెమట, అంతా బుర్ర. తెల్లారకముందే లేచి, ఒక్కొక్కటీ నేర్చుకుని పైకొచ్చాడు. మీవాళ్ళకు ఆ బాధ లేదులే, పుట్టుకతోనే వచ్చేస్తుంది. ఏమంటావ్?"

బల్ల చుట్టూ తలలు ఊగాయి. ఆర్వెల్ నోరు తెరవబోయాడు. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను, అడిగింది ఆయన్ని కాదు గనక. ఐజమ్ తింటున్న ముక్క పూర్తిగా నమిలాడు. నోరు తుడుచుకున్నాడు. ఆ తర్వాత మర్యాదగానే అన్నాడు:

"పదకొండో ఏటి నుంచి రోజుకు ఐదొందల బంతులు వేస్తున్నానండీ నేను, జ్వరమొచ్చినా వేశాను. మీవాడు ఒక్కరోజన్నా ప్రాక్టీసుకు వేళకు రాలేదు. పుట్టుకతో వచ్చింది నాక్కాదు, వాడికి."